కప్పు లేని బాయి

రేగొండ దాటినంక తారు రోడ్డు సన్నబడ్డది.
మట్టి ఎర్రబడ్డది.
ఒక్కసారే గుట్టలు లేచి నిలబడ్డయి,
ఎవరో కేకేస్తే పని ఆపి చూసినట్టు.

నలుగురం.
ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల దిగి దిగి
చివరికి నౌకరీ నుంచి కూడ దిగిపోయినోళ్ళం.
గేటు కాడ టికెట్లు చింపిచ్చిన పిల్ల
ఈసం రజిత, ఖాకీ అంగీ, మెడల ఈల,
"నీళ్ళు తెచ్చుకున్నరా తాతా? పైన చుక్క దొరకది" అన్నది.
ఓదెలు నవ్విండు:
"మా దగ్గర నీళ్ళు ఊరితెనే భయం బిడ్డా."

సందుల పడ్డం.
రెండు దిక్కుల రాయి,
నడుమ ఒక్క మనిషి పట్టేంత తొవ్వ.
పసుపు పొర, ఇటుక పొర, నడుమ మాడిన అంచు,
పెనం మీంచి తీసి పేర్చిన జొన్నరొట్టెల లెక్క.
గాలి కొరికిన చోట్లు. వాన నాకిన చోట్లు.
పగుల్లకెల్లి ఒక తెల్లటి వేరు దిగింది,
ఏ చెట్టుదో, చెట్టైతే కనబడది.
ఎండ సన్నగ జారి మా కాళ్ళ కాడ ఆగింది.

భూమి లోపల గూడ ఇట్లనే ఉంటది, నల్లగ.
అంతే తేడా.
కాదు, ఇంకోటున్నది:
ఇక్కడ తలెత్తితే మొగులు.
తల వంచి నడిచి నడిచి మొద్దుబారిన మెడ
నొయ్యంగ నొయ్యంగ చూసిన.

పగటి యాల్లకు ఒక రాతి చూరు దొరికింది.
కింద నీడ, చల్లటి ఇసుక.
వాళ్ళు తువ్వాలలు పరిచిండ్రు.
నేను ఆగిన.
ఏ కప్పు కిందనైనా నేను ఊరికే కూసోను.
రజిత చేతికర్ర అడుక్కొని, దాని ఇనుప పొన్నుతోని
ఒక మూల నుంచి తట్టుకుంట పోయిన.
రాయి మంచిదైతే ఠంగుమంటది,
లోపల విడిసిందైతే
పగిలిన కుండ లెక్క బొద్దుమంటది.
సపోర్టు పని నాది.
ఈ చెవులే నాకు జీతం తెచ్చినయి.

"వేల ఏండ్లు పడనిది
ఇయ్యాల నీ మీదనే పడుతదారా?" అన్నడు మొగిలి.
పడే రోజు దాకా ఏదైనా పడనిదే.
రజిత నవ్వలేదు.
"ఏమంటున్నది తాతా?"
"మంచిగనే ఉన్న అంటున్నది."
"అయితే ఇటు రా" అని లోపలికి తీస్కపోయింది.

కావి రంగు.
ఒంటికన్న కొమ్ములు పెద్దగున్న ఒక జింక.
చుక్క నీళ్ళు లేని చోట ఒక కప్ప.
ఒక సున్న, దాంట్ల నాలుగు గీతలు.
ఎందుకు గీసిండ్రో
సదువుకున్నోళ్ళు తీరొక్కటి చెప్తరట.

నాకు మా సర్దార్ యాదికొచ్చిండు.
షిఫ్టు మొదల్ల వచ్చి కప్పు తట్టి, ఇని,
సుద్దముక్కతోని తారీఖు ఏసి
కింద ఒక వంకర సంతకం గీకేటోడు.
అది చూసినంకనే
మేం సద్ది గిన్నె మూత తీసేది.
ఆ సున్న గట్ల అనిపిచ్చింది నాకు.
ఎవడో ఒకడు నాకన్న ముందు తట్టి చూసిండు.
ఇన్నడు.
ఎనక్కు తిరిగి పిల్లలను పిలిచిండు.

పోయి కూసున్న.
పచ్చిపులుసు, అన్నం, ఎండుచేప.
బొమ్మలకు దూరంగ ఎవడో మసిబొగ్గుతోని
పేరు రాసి, గుండెకు బాణం గుచ్చిపోయిండు.
రజిత తను తాగే నీళ్ళతోనే గుడ్డ తడిపి
తుడుస్తున్నది.
బాణం పోయింది. పేరు పోలేదు.

పొద్దుగూకంగ గేటు కాడికొచ్చినం.
చెమటకు మెత్తబడ్డ టికెట్టు తీసి
మొగిలి ఆమె చేతుల పెట్టిండు.
ఎనకనే ఓదెలు. ఎనకనే నేను.
"ఇవి వాపసు ఇయ్యక్కర్లేదు తాతా."
లాంపు రూముల బిళ్ళ అప్పజెప్పకుంటె
లోపల ఒక మనిషి మిగిలినట్టు లెక్క.
ఆ పిల్లకు ఇదంత ఏం చెప్తం?
"ఉంచుకో బిడ్డా" అన్నం.

గట్టయ్యది దొరకలేదు.
అంగీ జేబు, లాగు జేబు, రుమాలు మడత.
ఆటో ఇంజను కొట్టుకుంటనే ఉన్నది,
ఎవ్వరం ఎక్కలేదు.
బీడీ కట్టల దొరికింది చివరికి.
రజిత నాలుగూ లెక్కబెట్టుకున్నది.